వెబ్‌కామిక్‌ను విడత విడతకూ వెంట ఉండి చదవడం, మన మాటల్లో పంచుకోవడం ఎలా

ఇంటర్నెట్‌లో విడతలుగా వచ్చే బొమ్మల కథను తోచినప్పుడు చదివి పక్కన పడేయడం ఒక తీరు. ప్రతి విడతా వచ్చిన రోజే చదివి, గమనించింది రాసుకుని, మీకు ఇష్టమైన పనులతో ముడిపెట్టి నలుగురికీ చెప్పడం ఇంకో తీరు. ఈ రెండో తీరుకు కొంచెం పద్ధతి కావాలి. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు ఉండేవాళ్లకు మరో రెండు చిక్కులు కూడా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కామిక్ చూస్తే ఇంగ్లీషు. పైగా ఊరు దాటి కొండ ఎక్కితే సిగ్నల్ పోతుంది. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకునే కింది పద్ధతి రాస్తున్నాం.

మొదట ఒక్కటే తేల్చుకోండి

ఒకేసారి నాలుగైదు కామిక్‌లు మొదలుపెట్టేవాళ్లు నెల తిరిగేసరికి అన్నీ వదిలేస్తారు. ఒక్కటే పట్టుకోండి. దాని పాత పేజీల జాబితా తెరిచి మూడు విషయాలు చూడండి.

ఒకటి, గడిచిన మూడు నెలల్లో విడతలు నిజంగా ఏ తేదీల్లో వచ్చాయి. పైన "ప్రతి సోమ, గురువారాలు" అని ఉండొచ్చు, తేదీలు మరోలా చెప్పొచ్చు. తేదీలనే నమ్మండి. రావలసిన వాటిలో సగం కూడా రాకపోతే అది మీ మొదటి కామిక్ కాకూడదు. రెండు, ఇప్పటికే ఎన్ని పేజీలు పేరుకున్నాయి. 900 పేజీలుంటే రోజుకు 30 చొప్పున నెల పడుతుంది. అంతకంటే వేగంగా లాగిస్తే పేర్లు, ముఖాలు కలగాపులగం అవుతాయి. నిలువుగా స్క్రోల్ చేసే వెబ్‌టూన్ తరహాది అయితే రోజుకు మూడు ఎపిసోడ్లు చాలు. మూడు, పేజీ అడుగున కాపీరైటు గురించి ఏం రాశారు. పంచుకునేటప్పుడు ఆ వాక్యంతో పని పడుతుంది కాబట్టి ముందే రాసిపెట్టుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివాళ్లకు రెండు పేర్లు చెబుతాం. రాండల్ మన్రో 2005లో మొదలుపెట్టిన ఎక్స్‌కేసీడీ సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తుంది. దాదాపు ప్రతిదీ విడి బొమ్మే, పాతవి చదవకపోయినా నష్టం లేదు. సైన్సు, లెక్కలు, కంప్యూటర్లు ఇష్టమైతే ఇది తీసుకోండి. ఫ్రాన్స్ చిత్రకారుడు డేవిడ్ రెవోయ్ 2014 నుంచి గీస్తున్న పెప్పర్ అండ్ క్యారెట్‌లో ఒక చిన్న మంత్రగత్తె, ఆమె పిల్లి ఉంటారు. ఇంట్లో పిల్లలతో కూర్చుని చదువుకోవచ్చు. దీన్ని నలుగురితో పంచుకోవడానికి ఉన్న వెసులుబాటు మరే కామిక్‌కూ దాదాపు లేదు, ఆ సంగతి కింద వస్తుంది.

కొత్త విడత వచ్చినట్టు తెలిసే ఏర్పాటు

రోజూ సైటు తెరిచి చూసుకుంటే రెండు వారాల్లో విసుగు వస్తుంది. చాలా కామిక్ సైట్లకు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఉంటుంది, అంటే కొత్త పేజీ వచ్చిందని యాప్‌కు తెలిపే లింకు. ఫోన్‌లో ఫీడర్ లాంటి ఉచిత యాప్ పెట్టుకుని, సైటులో ఆర్‌ఎస్‌ఎస్ అని ఉన్న గుర్తు మీద వేలు కాసేపు ఉంచి లింకు కాపీ చేసి, యాప్‌లో అతికించండి. గుర్తు కనిపించకపోతే సైటు చిరునామానే ఇచ్చి చూడండి, చాలావరకు యాప్ తనే ఫీడ్ వెతుక్కుంటుంది. ఎన్ని గంటలకోసారి చూడాలో మూడు గంటలని పెట్టండి. అంతకంటే తరచుగా చూడమంటే బ్యాటరీ ఖర్చు తప్ప లాభం లేదు.

అన్నీ సరిగ్గా పెట్టినా కబురు రాకపోతే తప్పు సాధారణంగా ఫోన్ బ్యాటరీ పొదుపుది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్, అందులో బ్యాటరీ తెరిచి "అన్‌రిస్ట్రిక్టెడ్" ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో "ఆటోస్టార్ట్" అని విడిగా ఉంటుంది, అదీ ఆన్ చేయాలి.

వేళల దగ్గర చాలామంది పొరబడతారు. అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి విడుదల అంటే మనకు చలికాలంలో ఉదయం 10:30, వేసవిలో 9:30. పడమటి తీరం అర్ధరాత్రి అంటే చలికాలంలో మధ్యాహ్నం 1:30, వేసవిలో 12:30. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మనకు ఆ ఆచారం లేదు కాబట్టి ఆ రెండు రోజుల తర్వాత విడత గంట అటో ఇటో అయినట్టు కనిపిస్తుంది. కొరియా మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ బుధవారం మొదలయ్యేసరికి ఇక్కడ మంగళవారం రాత్రి 8:30. నోట్‌బుక్ మొదటి పేజీలో మీ కామిక్ వచ్చే రోజునూ వేళనూ మన టైములో రాసుకోండి.

సిగ్నల్, కరెంటు

పర్లాకిమిడి ఊళ్లో ఇబ్బంది ఉండదు. మహేంద్రగిరి వైపు గానీ, రాయగడ దాటి కొండల్లోకి గానీ వెళ్లే రోజుల్లో ముందురాత్రే వైఫై దగ్గర విడతలు దించుకోండి. యాప్‌లో డౌన్‌లోడ్ సదుపాయం ఉంటే దాన్నే వాడండి. కొన్ని యాప్‌లలో దించుకున్నవి కొన్నాళ్లకు గడువు తీరి తెరుచుకోవు, కాబట్టి ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు దించుకోవడమే మంచిది. సరిహద్దు పల్లెల్లో ఫోన్ ఒక క్షణం ఒడిశా టవరును, మరుక్షణం ఆంధ్రాలోని పాతపట్నం వైపు టవరును పట్టుకుంటుంది. అలా మారే సమయంలో పొడవాటి ఎపిసోడ్ సగంలో ఆగి, కింద బొమ్మలు ఖాళీ డబ్బాలుగా మిగులుతాయి. ఖాళీలు దాటుకుంటూ చదివేయకండి. ఒక్క ప్యానెల్ (ఒక బొమ్మ గడి) తప్పినా తర్వాత రాసేదంతా తప్పవుతుంది. పేజీని మళ్లీ లోడ్ చేసి, అన్నీ నిండాకే పైనుంచి మొదలుపెట్టండి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో ఈ వైపువాళ్లకు చెప్పనక్కర్లేదు. హెచ్చరిక వచ్చిన రోజున కామిక్ కోసం చార్జింగు ఖర్చుపెట్టకండి. ఫోన్ ఇంటివాళ్ల క్షేమం కనుక్కోవడానికి ఉండాలి. విడత ఎక్కడికీ పోదు.

మూడుసార్లు చదవండి

మొదటిసారి కథ కోసం, ఆగకుండా. పెన్ను పట్టుకోవద్దు. రెండోసారి అదే రోజు, కనీసం గంట ఆగి, బొమ్మల కోసం. మాటల బుడగలు వదిలేసి వెనకున్నవి చూడండి: గోడ మీద ఏముంది, కిటికీలో వెలుగు ఏ వేళది, ఎవరి చేతిలో ఏముంది, కిందటి విడతలో ఉన్న గాయం ఇప్పుడుందా. కామిక్ గీసేవాళ్లు రాబోయే కథకు విత్తనాలు ఇక్కడే చల్లుతారు. మూడోసారి ఒక అధ్యాయం మొత్తం అయ్యాక, మొదటి పేజీ నుంచి ఒక్క బిగిన. విడివిడిగా చదివినప్పుడు సాగదీసినట్టు అనిపించిన చోటు కలిపి చదివితే సరిగ్గా సరిపోయినట్టు తేలుతుంది. అందుకే "కథ నత్తనడక నడుస్తోంది" అనే తీర్పు అధ్యాయం పూర్తయ్యేదాకా ఎక్కడా రాయకండి.

ఎక్స్‌కేసీడీ చదివేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రతి బొమ్మ వెనకా దాగిన ఒక వాక్యం ఉంటుంది, కంప్యూటర్‌లో మౌస్‌ను బొమ్మ మీద ఉంచితే కనిపిస్తుంది. ఫోన్‌లో మొబైల్ పేజీ తెరిస్తే బొమ్మ కింద దానికి మీట ఉంటుంది. ఆ వాక్యం చూడకుండా బొమ్మ గురించి రాస్తే సగమే చదివినట్టు.

నోట్‌బుక్: అసలు పనంతా ఇక్కడే

200 పేజీల రూళ్ల లాంగ్‌బుక్ ఒకటి, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, పెన్సిల్ తీసుకోండి. ఫోన్‌లోనే రాసుకోవచ్చు కదా అంటే రాసుకోవచ్చు. కానీ చదువుతున్న తెర మీదే రాయడానికి అటూ ఇటూ మారుతుంటే చూపు తప్పుతుంది. కాగితం పక్కన ఉంటే కన్ను బొమ్మ మీదే ఉంటుంది.

చివరి 20 పేజీలు పేర్ల పట్టికకు వదిలేయండి. మిగతా ప్రతి పేజీనీ నాలుగు నిలువు గడులుగా గీయండి: తేదీ, ఎపిసోడ్ సంఖ్య, ప్యానెల్ సంఖ్య, విషయం. నిలువు స్క్రోల్ కామిక్‌లో పేజీ సంఖ్యలు ఉండవు కాబట్టి ప్యానెల్‌ను పైనుంచి లెక్కపెట్టాలి. ఎపిసోడ్‌లో 60 ప్యానెళ్లుంటే లెక్క తప్పుతుంది. అందుకని సంఖ్య పక్కన ఒక గుర్తు కూడా రాయండి: "వంతెన సీను తర్వాత 3వది" అన్నట్టు. జపాన్ పద్ధతిలో గీసినవైతే కుడి నుంచి ఎడమకు లెక్కించాలి.

ఇక రంగులు. కళ్లతో చూసినది నీలం పెన్నుతో. మీ ఊహ పెన్సిల్‌తో. ఇతరులు చెప్పగా విన్నది, రచయిత వేరేచోట చెప్పినది ఎర్ర పెన్నుతో. ఈ మూడూ కలిసిపోవడమే కామిక్ చర్చల్లో అన్ని గొడవలకూ మూలం. ఎవరో ఊహించినది పదిమంది నోట పడి, ఆరు నెలలకు "కథలోనే ఉంది కదా" అనే స్థాయికి వస్తుంది. ఎక్కడుందో చూపమంటే ఎవరూ చూపలేరు. మీ నోట్‌బుక్‌లో అది ఎర్రగా ఉంటే మీరు ఆ వరసలో చేరరు.

ఒక నమూనా: "ఎపి. 47, ప్యా. 12, తలుపు సీను: తలుపు మీద నెలవంక గుర్తు. ఎపి. 9లో ముసలాయన ఉంగరం మీదా ఇదే." ఇది నీలం. దాని కింద పెన్సిల్‌తో: "ఇల్లు ఆయనదేనా?" ఎపిసోడ్ 60లో ఇల్లు వేరేవాళ్లదని తేలితే పెన్సిల్ రాతను చెరపకండి. మీదుగా ఒక గీత కొట్టి పక్కన "60" అని వేయండి. ఏయే ఊహలు ఎందుకు తప్పాయో కనబడుతుంటేనే ఆ రచయిత పద్ధతి పట్టుబడుతుంది. కొందరు రచయితలు గుర్తులు నిజాయితీగా వదులుతారు, కొందరు కావాలని దారి తప్పిస్తారు. మీ రచయిత ఎటువంటివారో ఇలాంటి కొట్టివేతలు ఒక పేజీ నిండితే తెలిసిపోతుంది.

పేర్ల పట్టికలో ఒక్కో పాత్రకు అర పేజీ చాలు. పేరు తెలుగులో ఎలా రాస్తారో ఒకసారి నిర్ణయించి అదే రాయండి. మొదట కనబడిన ఎపిసోడ్, జుట్టు, బట్టలు, మచ్చ, ఎవరికి ఏమవుతారు. పేరు తెలియని పాత్రకు "ఎర్ర గొడుగు ఆవిడ" అని పెట్టి, పేరు తెలిశాక పక్కన చేర్చండి.

ఒక్కోసారి రచయిత పాత పేజీని సవరించి మళ్లీ పెడతారు. మీ నోట్‌లో ఉన్నది తెర మీద లేదనిపిస్తే మీరు తప్పు చూశారని వెంటనే అనుకోకండి. తేదీ రాసుకుంటున్నది అందుకే.

ఏ లిపిలో రాయాలి

ఈ వైపు పిల్లల్లో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ, చదవడం మాత్రం ఒడియా అయితేనే వేగంగా చదివేవాళ్లు చాలామంది. వాళ్లను వదిలేస్తే మీరు పంచుకునే వాట్సాప్ గ్రూపులో సగం మంది పోతారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే అందరికీ అందుతుందని అనిపిస్తుంది. కానీ ఒకే పేరును నలుగురు నాలుగు స్పెల్లింగులతో రాస్తారు, ఆరు నెలల తర్వాత వెతికితే ఏదీ దొరకదు. కాబట్టి రాత తెలుగు లిపిలోనే పెట్టండి. కామిక్ అసలు పేరు మాత్రం మొదటి లైన్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాయండి, వెతకడానికి అదే పనికొస్తుంది. ఒడియా చదివేవాళ్ల కోసం చివర రెండు లైన్ల సారాంశం ఒడియాలో ఇవ్వండి. మీకు ఒడియా రాయడం అలవాటు లేకపోతే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది, కానీ పాత్రల పేర్లను అది మామూలు మాటలనుకుని అనువదించేస్తుంది. పేర్లు మీరే సరిచూడండి. లేదంటే నిమిషం, నిమిషంన్నర వాయిస్ మెసేజ్ పెట్టండి. మొదటి మాట ఎపిసోడ్ సంఖ్యే కావాలి.

గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో తెలుగు, ఒడియా రెండు కీబోర్డులూ చేర్చుకుంటే భూగోళం గుర్తు నొక్కి మారొచ్చు. డీటీపీ షాపులో టైపు చేయిస్తే ఒక జాగ్రత్త. తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి ఫాంట్లు వాడే షాపుల్లో చేసినది వాట్సాప్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులుగా మారుతుంది. ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో చేయమని ముందే చెప్పండి. బొమ్మ మీద తెలుగు అక్షరాలు వేసేటప్పుడు "రాష్ట్రం", "స్త్రీ" అని రాసి చూడండి. ఒత్తులు విడిపోయి కనబడితే ఆ యాప్ పనికిరాదు. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ ప్రోగ్రాంలో, మండలి అనే యూనికోడ్ ఫాంట్‌తో, ఈ ఇబ్బంది రాదు. రెండూ ఉచితమే.

మీ హాబీని కథలోకి తీసుకెళ్లడం

"ఈ ఎపిసోడ్ సూపర్" అని ఎవరైనా రాస్తారు. మీకు తెలిసిన పని కళ్లతో చూసి రాసేది మీరొక్కరే రాయగలరు. దీనికి అందరికన్నా పెద్ద ఉదాహరణ ఎక్స్‌కేసీడీ 1190వ బొమ్మ. 2013 మార్చి చివర్లో మొదలై జులై దాకా, మొదట అరగంటకోసారి, తర్వాత గంటకోసారి మారుతూ 3,099 ఫ్రేములు వచ్చాయి. ఇద్దరు మనుషులు ఇసుకలో కోట కడుతుంటారు, సముద్రం పెరుగుతుంటుంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పరు. ఆకాశం చూసే అలవాటున్న పాఠకులు ఒక రాత్రి ఫ్రేములలోని నక్షత్రాలను పట్టుకుని, ఇది వేల ఏళ్ల తర్వాతి కాలమని లెక్కగట్టారు. మొక్కలు, జంతువులు తెలిసినవాళ్లు ప్రాంతం గురించి వాదించారు. కథ సుమారు 11,000 ఏళ్ల తర్వాత, మధ్యధరా సముద్రపు పల్లంలో జరుగుతుందని తర్వాత రచయితే చెప్పారు. ఆ కామిక్‌కు 2014లో సైన్సు ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. హాబీ ఉన్న పాఠకుడి విలువ అంతటిది.

మన దగ్గరి హాబీతో ఎలా చేయాలో చూద్దాం. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో నడవడం మొదలైన చిన్న రైలు సంగతి ఈ వైపు రైలు ఇష్టమైనవాళ్లందరికీ తెలుసు. ఆ లైను గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 2 అడుగుల 6 అంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. ఇప్పుడు గుణుపూర్ దాకా ఉన్న బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. మీ కామిక్‌లో కొండరైలు వచ్చిందనుకోండి. పట్టాల పక్కనే నిలబడ్డ పెద్దమనిషి ఉన్న ప్యానెల్ వెతకండి. పట్టాల మధ్య దూరం ఆ మనిషి ఎత్తులో సగంకన్నా తక్కువుంటే నారో గేజ్. ఇంచుమించు మనిషంత ఉంటే బ్రాడ్ గేజ్. మనిషి, పట్టాలు ఒకే దూరంలో ఉన్న ప్యానెలే తీసుకోవాలి. మనిషి ముందు, పట్టాలు వెనక ఉంటే కొలత మోసం చేస్తుంది. పెట్టెలో అడ్డంగా ఎన్ని సీట్లున్నాయో కూడా చూడండి. రైలు చిన్నది, లోపల సీట్లు మాత్రం ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నన్ని ఉంటే రచయిత పొరబడ్డారా, లేక కథలో ఏదైనా మాయ ఉందా అని అడగొచ్చు.

ఆకాశం చూసేవాళ్లకు మరొకటి. సన్నని నెలవంక నడిరాత్రి ఆకాశంలో ఉండదు. సాయంత్రపు నెలవంక రాత్రి తొలి జాములోనే పడమట అస్తమిస్తుంది, అమావాస్య ముందరి నెలవంక తెల్లవారుజామునే తూర్పున పొడుస్తుంది. చదరంగం ఆడేవాళ్లు బల్ల ఎలా వేశారో చూడాలి: ఆడేవాళ్ల కుడిచేతి మూల గడి తెల్లదై ఉండాలి. కుట్టుపని తెలిసినవాళ్లు మడతలు, వంట తెలిసినవాళ్లు మంట మీద గిన్నె, కొమ్ము బొమ్మలు చెక్కే ఇంటివాళ్లు పనిముట్లు పట్టుకున్న తీరు చూస్తారు. ఏది రాసినా వరస ఇలా ఉంచండి: ముందు ఏ ప్యానెల్‌లో ఏం చూశారో, తర్వాత మీ పనిలో అది నిజంగా ఎలా ఉంటుందో, చివర ఒక ప్రశ్న. "తప్పు గీశారు" అనే తీర్పుతో మొదలుపెడితే చర్చ అక్కడే ఆగిపోతుంది. ప్రశ్నగా వదిలితే ఇంకొకరి హాబీ అందుకుంటుంది.

పాళ్లు కూడా చూసుకోవాలి. మూడు వంతుల్లో రెండు వంతులు కామిక్, ఒక వంతు హాబీ. అది తిరగబడితే కామిక్ కోసం వచ్చినవాళ్లు లేచిపోతారు. హాబీ గురించి పొడుగ్గా రాయాలనిపించిన రోజు దాన్ని విడి పోస్టుగా పెట్టి, కామిక్ పోస్టులో ఒక్క లైను చెప్పండి.

పంచుకునే పద్ధతి

మొదటి లైను: కామిక్ పేరు, ఎపిసోడ్ సంఖ్య, "చదవనివాళ్లు ఇక్కడే ఆగండి." వాట్సాప్ నోటిఫికేషన్‌లో మొదటి లైన్లు తెర మీదే కనిపిస్తాయి. కాబట్టి అసలు గుట్టు వాటిలో ఉండకూడదు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే: హెచ్చరిక పెట్టి, వెంటనే రెండో లైన్లో ఎవరు చచ్చిపోయారో రాసేస్తారు. హెచ్చరిక తర్వాత గుట్టు లేని మాటలు, అంటే రంగుల గురించో గీత గురించో, నాలుగైదు లైన్లు రాసి, ఆ తర్వాతే కథలోకి వెళ్లండి. టెలిగ్రామ్‌లో గుట్టు ఉన్న మాటలకు ముందూ వెనకా రెండేసి నిలువు గీతలు పెడితే అవి కప్పబడతాయి, తాకితేనే తెరుచుకుంటాయి.

డబ్బు కట్టి ముందుగా చదివే ఎపిసోడ్ల గురించి, అవి అందరికీ ఉచితంగా వచ్చేదాకా ఏమీ రాయకండి. సూచనగా కూడా వద్దు. "వచ్చే వారం ఏడుస్తారు చూడండి" అన్న ఒక్క మాటతోనే సగం కథ పోతుంది. ఉచితంగా వచ్చాక కూడా రెండు రోజులు ఆగడం మంచిది.

లింకు ఇచ్చేటప్పుడు కామిక్ ముందు పేజీది ఇవ్వకండి. అక్కడ ఎప్పుడూ తాజా బొమ్మే ఉంటుంది, రేపు తెరిచినవాళ్లకు మీరు రాసినదానికీ కనబడేదానికీ పొంతన ఉండదు. ఆ విడత సొంత లింకే కాపీ చేయండి.

స్క్రీన్‌షాట్ల విషయంలో కచ్చితంగా ఉండాలి. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం న్యాయబద్ధంగా వాడుకోవడానికి వీలిస్తుంది. ఇన్ని ప్యానెళ్లని చట్టంలో అంకె లేదు. మా సలహా ఒకటి, మహా అయితే రెండు. మీ మాట దేని గురించో అదే ప్యానెల్. కింద రచయిత పేరు, లింకు. ఎపిసోడ్ మొత్తం గ్రూపులో పెడితే అది సమీక్ష కాదు, చదివేవాళ్లు రచయిత పేజీకి వెళ్లే దారి మూసేయడం. గీసేవాళ్లలో చాలామంది ఆ పేజీ చూపులతోనే బతుకుతారు.

లైసెన్సు ఇక్కడ తేడా తెస్తుంది. ఎక్స్‌కేసీడీకి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది: పేరు చెప్పి, వ్యాపారానికి కాకుండా పంచుకోవచ్చు. పెప్పర్ అండ్ క్యారెట్ లైసెన్సు ఇంకా విశాలం: పేరు, మూలం, లైసెన్సు, చేసిన మార్పులు చెబితే అనువదించొచ్చు, మార్చొచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అమ్మొచ్చు కూడా. అనువాదకులు ఇంక్‌స్కేప్ ఫైళ్లలోనే మాటలు మారుస్తారు. కామిక్‌ను మన మాటల్లోకి తేవాలని సరదాగా ఉన్నవాళ్లు వేరొకరి కామిక్‌ను అనుమతి లేకుండా మార్చేకన్నా దీనితో చేయి తిప్పుకోవడం మేలు.

బొమ్మ పెట్టినప్పుడల్లా అందులో ఏముందో ఒకటి రెండు వాక్యాల్లో రాయండి. చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని తెలుగులోనే చదివి వినిపిస్తుంది. సిగ్నల్ లేక బొమ్మ తెరుచుకోనివాళ్లకూ అదే ఆధారం.

రచయితకు డబ్బు పంపాలనుకుంటే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేయాలి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డుల్లో అవి మూసి ఉంటాయి. పని కాగానే మళ్లీ మూసేయండి. ఎపిసోడ్లు తెరవడానికి "ఉచిత కాయిన్లు" ఇస్తామనే లింకులు ముట్టుకోవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సొంత మాటలు ఎంతవరకు

కథలో ఒక తండ్రి మాటలు మీ ఇంటిని గుర్తు చేయొచ్చు, రాయాలనిపిస్తుంది. రాయండి, అలాంటి మాటలకే చదివేవాళ్లు నిలబడతారు. కానీ ఇవి చిన్న ఊళ్లు. పేరు రాయకపోయినా "గుడి వెనక వీధి, రైల్వేలో చేసే మావయ్య" అనగానే ఎవరో గుర్తుపట్టేస్తారు. మీ గురించి ఎంతైనా చెప్పుకోండి, ఇంకొకరి సంగతి వాళ్లనడిగాకే. రాసి ఒక రాత్రి ఉంచి, పొద్దున్న చదివి పంపండి.

వాట్సాప్ గ్రూపులో మీ నంబరు అందరికీ కనిపిస్తుంది, చానల్‌లో చూసేవాళ్లకు కనిపించదు. ముక్కూమొహం తెలియనివాళ్లు చేరే చోటైతే చానలే మంచిది. హాబీ ఫొటోలు తీసేటప్పుడు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. ఫొటోను డాక్యుమెంటుగా పంపితే ఎక్కడ తీశారో ఆ వివరం దానితో పాటే వెళ్తుంది. పక్షుల కోసమో రైళ్ల కోసమో వెళ్లిన చోటు గురించి ఇంటికి తిరిగొచ్చాకే రాయండి. పిల్లలు రాస్తుంటే బడి పేరు, యూనిఫాం, వచ్చి పోయే వేళలు ఏవీ కనబడకూడదు.

ఎవరైనా మీ ఊహను కొట్టిపారేస్తే ఎపిసోడ్, ప్యానెల్ సంఖ్యలు అడగండి. చూపిస్తే ఒప్పుకుని నోట్‌బుక్‌లో గీత కొట్టండి. చూపకపోతే అక్కడితో వదిలేయండి.

విడతలు ఆగినప్పుడు

రచయితకు జబ్బు చేయొచ్చు, మరో ఉద్యోగం రావొచ్చు. ముందు వారి ప్రకటన ఉందేమో చూడండి. "ఎప్పుడొస్తుంది?" అని వారికి రాయకండి, అదే ప్రశ్న వందలమంది అడుగుతుంటారు. ఆ ఖాళీలో పేర్ల పట్టిక పూర్తిచేయండి, తేలని పెన్సిల్ రాతలన్నీ ఒక పేజీలోకి ఎత్తిరాయండి, గ్రూపులో వారానికి ఒక పాత అధ్యాయం మళ్లీ చదివించండి. నెలల తరబడి కబురు లేకపోతే ఫీడ్ తీసేయకుండా అలాగే ఉంచి, రెండో కామిక్ మొదలుపెట్టండి.

సైట్లు మాయమవుతాయి కూడా. బ్రౌజర్‌లో కదిలే బొమ్మలు నడిపే ఫ్లాష్ 2020 డిసెంబరు 31న ఆగిపోయినప్పుడు దానితో చేసిన కదిలే కామిక్ పేజీలు మామూలు బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. మీకు ముఖ్యమైన పేజీల లింకులను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో "సేవ్ పేజ్" దగ్గర ఇచ్చి భద్రపరచండి. పొడవాటి స్క్రోల్ పేజీల్లో బొమ్మలన్నీ పట్టుబడకపోవచ్చు. భద్రపరిచాక ఆ కాపీని తెరిచి అడుగుదాకా చూసుకోవాలి. నోట్‌బుక్ పేజీలనూ నెలకోసారి ఫొటో తీసి, ఫైలు పేరులో కామిక్ పేరు, ఎపిసోడ్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో పెట్టండి. ఒక కాపీ ఫోన్‌లో ఉంటే ఇంకొకటి మెమరీ కార్డులోనో డ్రైవ్‌లోనో ఉండాలి. వానాకాలం తేమకు సిరా పాకొచ్చు కాబట్టి ఆ పేజీల ఫొటోలు జూన్ లోపే తీసేయండి.